ఆర్ద్ర వెలుగు మీద మా చెల్లెలి వాదం

మా ఊళ్ళో వాదసభ మా పత్తి గోదాములోనే జరిగేది. జిన్నింగు పని ముగిసి, దూది మూటలు మిల్లుకు వెళ్ళిపోయినాక ఆ గోదాము కొన్ని నెలలు ఖాళీగా ఉండేది. నాయన పోయినాక జిన్నింగు కొట్టం బాధ్యత నాది గనుక తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలు ముగించుకొని పళ్ళికూడంలో చదువు చెప్పే వాత్తియార్లు, మిల్లు గుమాస్తాలు, పొలాలున్న ఇళ్ళ మగవాళ్ళు, ఒకరిద్దరు దుకాణందారులు వచ్చి కూర్చొనేవాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే ఊరు మాది. సభలో రెండూ నడిచేవి. నెమ్మదిగా ఉన్నంతసేపూ తెలుగు, వేడెక్కితే తమిళం.

ఆ రోజుల్లో మా రాజపాళయానికి నూలు మిల్లు వచ్చిందని అందరికీ గర్వం. మిల్లు కూత విని గడియారాలు సరిచేసుకొనేవాళ్ళు. నా గర్వం మాత్రం ఈ సభ. మదురలోనూ మద్రాసులోనూ పెద్దపెద్ద సభలు నేను చూసినాను. అక్కడ ఎవరి గొంతు పెద్దదైతే వాడిదే గెలుపు. మా సభకు రెండు కట్టుబాట్లు ఉండేవి. ఎదుటివాడి మాటను ఖండించేముందు ఆ మాటను వాడికంటే బాగా నువ్వు చెప్పాల. “ఆమా, నేను చెప్పింది ఇదే” అని వాడు తల ఊపినాకే నీ వంతు. ఇంకొకటి, వాదం మొదలుకాకముందు ఎవరి మాటను వాళ్ళు నల్లబల్ల మీద రాయాల. జవాబు లేక నిలబడితే తన మాటను తన చేత్తోనే తుడుచుకోవాల. ఎంత గొప్ప ఇంటివాడైనా సరే. చేతికి సుద్ద అంటుకొని ఇంటికి పోయిన పెద్దమనుషులను నేను చాలామందిని చూసినాను. వాళ్ళ మీద నాకు గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు.

మూఢనమ్మకం మీద ఆ వయసులో నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. తగ్గాలని నేను కోరుకోవడమూ లేదు. ఎక్కడో ఉన్న చుక్కను చూపించి ఇక్కడున్న మనిషిని భయపెట్టేవాళ్ళతో నాకు రాజీ లేదు. అందుకే ఏ ఆదివారమైనా జాతకాల సంగతి వస్తే నేను బల్లమీద ఒకే వాక్యం రాసేవాణ్ణి: “నక్షత్రాల వెలుతురు దేన్నీ కదపలేదు.” ఆ వాక్యం నాకు ఎన్నో గెలుపులు తెచ్చింది.

మా చెల్లెల్ని మంసాపురంలో ఇచ్చినాము. అత్త లేని ఇల్లు. మామగారు, మొగుడు, పొలం, ఎడ్లు, అంతే. తొలి కానుపుకు మా ఇంటికి తీసుకురావాలని అమ్మ బండి మాట్లాడి, గదికి సున్నం కూడా కొట్టించింది. బండి కదిలేలోగానే నొప్పులొచ్చి బిడ్డ అక్కడే పుట్టినాడు. మగబిడ్డ. నక్షత్రం రోహిణి.

రోహిణిలో మగబిడ్డ పుడితే మేనమామకు గండమని మా వైపు గట్టి నమ్మకం. ఆ బిడ్డకు మేనమామను నేనొక్కణ్ణే. ఈ గండానికి విరుగుడుగా మేనమామ బిడ్డ ముఖాన్ని నేరుగా చూడకుండా ముందు గిన్నెడు నూనెలో నీడగా చూస్తాడు. నూనెలో చూసినాక దోషం పోయిందని అందరూ తేలికగా ఊపిరి పీల్చుకుంటారు.

“నూనెలో చూడు నాయనా. ఒక్క చూపు. నీ సొమ్మేం పోతుంది?” అనింది అమ్మ.

“నూనెలో చూస్తే రోహిణికి నేను భయపడినట్టే గదమ్మా.”

“భయపడు. భయపడితే తప్పా? నేను భయపడడం లేదా?”

నేను ఒప్పుకోలేదు. అప్పుడే మంసాపురం నుంచి మా చెల్లెలి మొగుడు, మా బావ, వచ్చినాడు. తిణ్ణె మీద కూర్చొని మంచినీళ్ళు తాగి, తలవంచుకొని చెప్పినాడు: “‘నా కొడుకు ముఖం నూనెలో చూసే మామ మాకు అక్కర్లేదు’ అని మీ కూతురు చెప్పమనింది.”

అమ్మ ఆయన్ని చూసింది. ఆయన చేతులు జోడించినాడు. “నన్ను చూడొద్దు అత్తా. ఇంటికి పోతే ఆమె, ఇక్కడికొస్తే మీరు. నేను పొలానికి పోతా.”

“సరి. ఏడాది నిండేదాకా ఆ బిడ్డ ఈ గడప దాటి లోపలికి రాకూడదు” అనింది అమ్మ. “జాతకం చూపించి జోసియరును కూడా అడిగినా. అదే మేలు అన్నాడు.”

బిడ్డ రాకూడదంటే పాలిచ్చే తల్లీ రాకూడదనే గదా. చెల్లెలికి కానుపైనప్పటి నుంచి జ్వరం వచ్చిపోతా ఉండింది. ఆ ఇంట్లో పథ్యం వండేవాళ్ళు లేరు, ఒళ్ళు కాచేవాళ్ళు లేరు. వియ్యంకుడి ఇంట్లో మా అమ్మ పొద్దుకూకినాక ఉండదు. అది మా ఇళ్ళలో ఉన్న కట్టడి. కాబట్టి అమ్మ ఇక్కడ పొయ్యి మీద లేహ్యం కలియతిప్పి, కళ్ళు తుడుచుకుంటా బండిలో పంపించేది. కూతురు అక్కడ జ్వరంతో పడుకొని దాన్ని తినేది. నాలుగు మైళ్ళ దూరంలో తల్లీకూతుళ్ళు ఒకరికోసం ఒకరు అల్లాడుతా ఉంటే, నడుమ ఆకాశంలోని ఒక ఎర్రచుక్క అడ్డుగా నిలిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఏం చేస్తే నువ్వు ఒప్పుకుంటావమ్మా?” అని అడిగినాను.

అమ్మ కొంచెం ఆలోచించింది. “మీ సభలో జోసియరుతో వాదించు. ఆయన ఓడితే నేను బండి కడతా. అందాకా నువ్వు బిడ్డ ముఖం చూడనని మాటియ్యి.”

మాటిచ్చినాను. నాకు అది పెద్ద పనిగా తోచలేదు.

జోసియరు ముసలాయన. ఊళ్ళో సగం ఇళ్ళ జాతకాలు ఆయన రాసినవే. కపటి కాదు, తెలివితక్కువవాడు అసలే కాదు. రోజూ పడిప్పగానికి, అంటే ఊరి చదువుగదికి, వచ్చి ఇంగ్లీషు పేపరు చివరిదాకా చదివి, ముక్కుపొడి పీల్చి వెళ్ళేవాడు. ఆ ఆదివారం ఆయన ఒక ఇంగ్లీషు పత్రికను చంకలో పెట్టుకొని వచ్చి, బల్లమీద నా వాక్యం కింద తన వాక్యం రాసినాడు: “నక్షత్రాల బలమంతా వాటి వెలుతురులో ఉంది.”

“తంబీ, మన పెద్దవాళ్ళు తోకచుక్కను చూసినారు గదా. దాని తోక ఎటు ఉండింది?” అని మొదలుపెట్టినాడు.

“సూర్యుడికి ఎదురు దిక్కున” అన్నాను.

“ఎప్పుడూ?”

“ఎప్పుడూ.”

“ఎవరు తోస్తున్నారు దాన్ని?” పత్రిక తెరిచి చదివినాడు. సూర్యుడి వెలుతురే తోకలోని ధూళిని వెనక్కి తోస్తుందని, వెలుతురుకు తోసే బలముందని శాస్త్రజ్ఞులు గాజు పాత్రల్లో పెట్టి కొలిచినారని అందులో ఉండింది. “ఇది నా పంచాంగం కాదు తంబీ, నీ సైన్సు. సూర్యుడు ఒక నక్షత్రం. తక్కిన నక్షత్రాలకు మాత్రం ఆ బలం ఉండదా? ధూళిని కదిపేది మనిషిని కదపదా?”

అంతలో వెనకనుంచి ఒక మిల్లు గుమాస్తా, “అదో చూడండి!” అని అరిచినాడు. కప్పులో ఉన్న గాజు పెంకు గుండా ఎండ ఏటవాలుగా దిగుతోంది. ఆ వెలుతురు పట్టీలో దూది నుసి మెరుస్తా పైపైకి తేలుతోంది. పుట్టినప్పటి నుంచి దూదిలోనే బతికినవాళ్ళం మేము. ఆ నుసిని చూడని రోజు లేదు. కానీ ఆ క్షణంలో అందరికీ అది కొత్తగా కనిపించింది. “తోస్తోంది! వెలుతురు తోస్తోంది!” అని గోదామంతా అరుపులు.

కట్టుబాటు ప్రకారం నేను జోసియరు వాదాన్ని తిరిగి చెప్పినాను. బాగానే చెప్పినాను. ఆయన తల ఊపినాడు. ఇక నా వంతు. లేచి వెళ్ళి నా వాక్యాన్ని తుడిచినాను.

“అయ్యగారి మాట బల్లమీద కంటే చేతిమీదే బాగా కనపడుతోందే!” అన్నాడొకడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. మా సభలో ఓడినవాడు ముఖం ముడుచుకొని పోయే అలవాటు లేదు.

ఇంటికి పోయేసరికి కబురు నాకంటే ముందే చేరింది. “నీ ఇంగ్లీషు పుస్తకమే చెప్పిందంట గదా” అనింది అమ్మ. గెలిచినట్టు కాదు, దిగులుగా. నేను గెలవాలని ఆమెకూ ఉండిందని అప్పుడు నాకు అర్థమైంది.

మరుసటి రోజు హైస్కూలు సైన్సు వాత్తియారును పట్టుకొని, మదుర కాలేజీ నుంచి ఒక లావాటి ఖగోళ గ్రంథం తెప్పించినాను. రోజూ కొట్టంలో లెక్కలు ముగించి దాన్ని చదివినాను. జోసియరు అబద్ధం చెప్పలేదు. నక్షత్రం తన చుట్టూ తిరిగేవాటిని లోపలికి లాగుతుంది. దాని వెలుతురు వాటినే బయటికి తోస్తుంది. ఈ రెండూ దూరాన్ని బట్టి ఒకే లెక్కన తగ్గుతాయి. దూరం రెండింతలైతే లాగుడూ నాలుగోవంతే, తోపుడూ నాలుగోవంతే. కాబట్టి చుట్టూ తిరిగే ధూళికణానికి ఆ నక్షత్రం ఉన్న బరువుకంటే కొంచెం తేలికైనట్టు లెక్క.

ఇంకో సంగతి నన్ను ఎక్కువగా పట్టుకుంది. కొన్ని నక్షత్రాల వెలుగు నిలకడగా ఉండదు, పెరుగుతుంది, తగ్గుతుంది. వెలుగు పెరిగితే కణం మీద పట్టు సడలుతుంది, అది తిరిగే దారి వెడల్పవుతుంది. వెలుగు తగ్గితే పట్టు బిగుస్తుంది, దారి దగ్గరికి ముడుచుకుంటుంది. ఒక దీపం వత్తి పెంచి తగ్గిస్తే దూరాన ఉన్న ధూళి తన దారి మార్చుకుంటుందని ఊహించుకుంటే నాకు ఒళ్ళు జలదరించింది. ఇంత అందమైన నిజాన్ని పట్టుకొని మేనమామల్ని భయపెట్టడానికి వాడుకుంటున్నారే అని కోపమూ వచ్చింది. కానీ ఈ నిజంతో జోసియరును ఎట్లా ఎదుర్కోవాలో తోచలేదు. ఆయన చెప్పింది ఇంకా బలపడినట్టే ఉండింది.

పుస్తకాన్ని తీసుకొని మంసాపురం పోయినాను. అమ్మకిచ్చిన మాట ఉంది గనుక లోపలికి పోలేదు. కిటికీకి వీపు పెట్టి తిణ్ణె మీద కూర్చున్నాను.

“అన్నా, గోడతో మాట్లాడుతున్నావా, నాతోనా?” లోపలినుంచి చెల్లెలి గొంతు. నీరసంగా ఉంది, కానీ వెటకారం తగ్గలేదు.

“బిడ్డ ముఖం చూడనని మాటిచ్చినా.”

“చూడకు. నీ ముఖం చూడాలని వాడూ తొందరపడడం లేదులే. పాలు తాగుతా ఉండాడు. ఓడినావంట గదా. మీ బావ చెప్పి చెప్పి నవ్వినాడు.”

నేను పుస్తకంలో చదివిందంతా చెప్పినాను. ఆమె నాకంటే తక్కువ చదివింది కాదు. పళ్ళికూడం మాన్పించినాక కూడా నేను తెచ్చిన ప్రతి పుస్తకాన్నీ నాకంటే ముందే చదివి ముగించేది. ఓపికగా వినింది. బిడ్డ ఒకసారి ఏడ్చి ఊరుకున్నాడు.

“సరి. వెలుతురు తోస్తుంది. ఎంత తోస్తుందని జోసియరును అడిగినావా?”

“అడగలా.”

“దేన్ని తోస్తుందని?”

“అడగలా.”

“మరేం చేసినావు సభలో? సుద్ద తుడుచుకొని వచ్చినావా?” మళ్ళీ తనే అనింది, “మన కొట్టంలో గాలి దూదికీ తగులుతుంది, గింజకీ తగులుతుంది. దూది ఎగిరిపోయి గోడకు అంటుకుంటుంది. గింజ కిందనే పడుతుంది. గాలి ఒకటే గదా?”

నేను పుస్తకం తిరగేసినాను. ఆ మాటే అందులో లెక్కల్లో ఉంది. తోపుడు వస్తువు పైభాగానికే తగులుతుంది. లాగుడు లోపలున్న బరువునంతా పట్టుకుంటుంది. వస్తువు ఎంత చిన్నదైతే బరువుకు పైభాగం అంత ఎక్కువ. అందుకే వెలుతురు ధూళిని ఆడిస్తుంది, గ్రహాన్ని కదపలేదు. నేను అంకెలు చూసి దాటిపోయినచోట ఆమె మా కొట్టాన్ని చూసింది.

“వెలుగు మారే చుక్కలన్నావే, మనకు కనపడేదాంట్లో ఏదైనా ఉందా?” అని అడిగింది.

“ఆర్ద్ర” అన్నాను.

చిన్నప్పుడు చలి తగ్గే మాసి నెలలో పొద్దుకూకగానే మిద్దె మీద నిలబడి ఆర్ద్ర ఎక్కువ ఎరుపా, రోహిణి ఎక్కువ ఎరుపా అని మేమిద్దరం పోట్లాడుకొనేవాళ్ళం. ఎప్పుడూ ఆర్ద్రదే పెద్ద వెలుగు. ఒక ఏడు మాత్రం అది మసకబారి రోహిణికి దగ్గరగా వచ్చింది. నా కళ్ళు చెడినాయని ఆమె నన్ను ఏడిపించింది.

“వచ్చే ఆదివారం సభలో నేను మాట్లాడుతా” అనింది.

“ఆడవాళ్ళు ఎప్పుడూ రాలేదే.”

“రాకూడదని మీ కట్టుబాట్లలో ఉందా?”

“లేదు.”

“అమ్మ ఇంటి గడప అనింది. గోదాముకు గడప లేదు గదా?” అని నవ్వింది. నవ్వుతో పాటు దగ్గు వచ్చింది.

ఆదివారం తెర కట్టిన ఎడ్లబండి గోదాము ముందర ఆగింది. బిడ్డను బండిలోనే బావ ఒడిలో పెట్టి మా చెల్లెలు దిగింది. ముఖం పాలిపోయింది. తలకు గుడ్డ చుట్టుకొని ఉంది. అమ్మకు కబురు ఎట్లా తెలిసిందో, అప్పటికే వచ్చి పెద్ద త్రాసు పక్కన నిలబడి ఉండింది. కూతుర్ని చూసి, “ఈ ఒంటితోనా!” అని మాత్రం అనింది.

సభలో గుసగుసలు మొదలైనాయి. జోసియరు చెయ్యెత్తి అణచినాడు. “ఏం గుసగుస? రానీ. నా మీద గెలవడానికి బాలింత లేచి వచ్చిందంటే నాకు గౌరవమే గదా.”

ఆమె బల్లమీద రాసింది: “నక్షత్రాల వెలుతురు దుమ్ముకు చుట్టం, మనిషికి కాదు.” ముందు జోసియరు వాదాన్ని చెప్పింది. తోకచుక్కతో మొదలుపెట్టి, గాజు పాత్రల్లో కొలిచిన కొలతలు చెప్పి, సూర్యుడు నక్షత్రమైతే నక్షత్రాలూ సూర్యులేనని ఆయన చెప్పని మాటను కూడా చేర్చింది.

“ఆమామ్మా. నాకంటే బాగా చెప్పినావు” అన్నాడు జోసియరు.

“పోయిన వారం మీరంతా ఇక్కడ ఒకటి చూసినారంట. ఇప్పుడూ ఉంది, చూడండి” అని కప్పు నుంచి దిగుతున్న ఎండపట్టీని చూపించింది. “దూది నుసి ఎటు పోతోంది?”

“పైకి” అన్నాడు గుమాస్తా.

“వెలుతురు ఎటునుంచి వస్తోంది?”

అందరం తలలెత్తి గాజు పెంకును చూసినాము. వెలుతురు పైనుంచి కిందికి వస్తోంది. తోస్తే నుసిని కిందికి తోయాల. నుసి మాత్రం పైకి పోతోంది. ఎండకు వేడెక్కిన గాలి దాన్ని ఎత్తుతోంది, అంతే. జన్మంతా దూదిలో బతికిన ఇంతమంది మగవాళ్ళం ఒక వారం పాటు ఆ మాట గమనించలేదు. మొదట నవ్వింది జోసియరే.

ఆ తర్వాత ఆమె నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటా, వెలుతురుకు బలం ఉందని ఒప్పుకుంది. ఎంత ఉందో చెప్పింది. దూదినీ గింజనూ చెప్పింది. కొట్టాల్లో పనిచేసేవాళ్ళు ‘సరే సరే’ అని తలలూపినారు. వాళ్ళకు ఇంకేమీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

“ఇక ఆర్ద్ర సంగతి. దాని వెలుగు నిలకడగా ఉండదు. మా అన్నా నేనూ కళ్ళారా చూసినాము. మీలోనూ చూసినవాళ్ళు ఉంటారు. దాని చుట్టూ దుమ్ము తిరుగుతా ఉంటే, వెలుగు పెరిగిన ఏడు ఆ దుమ్ము దారి వెడల్పవుతుంది, మసకబారిన ఏడు దగ్గరికి ముడుచుకుంటుంది. తోసే వెలుతురుకు గుర్తు అదే. వెలుతురు మారితే దారి మారాల. జోసియరయ్యా, ఆర్ద్ర మసకబారిన ఏడు పుట్టినవాళ్ళకు మీరు జాతకం మార్చి రాసినారా?”

జోసియరు ముక్కుపొడి డబ్బీని తీసి చేతిలో తిప్పుతా ఆలోచించినాడు. ఆయన తప్పించుకోవాలనుకుంటే ఎన్నో దారులున్నాయి. నేను చూసిన పెద్దపెద్ద సభల్లోని వక్తలైతే ఒక శ్లోకం చదివి దాటేసేవాళ్ళు.

“లేదమ్మా. నక్షత్రం ఎక్కడుందో చూస్తాం. ఎంత వెలుగుతుందో మేము చూడం.”

“మరి బలమంతా వెలుతురులో ఉందని బల్లమీద రాసినారే?”

ఆయన లేచినాడు. మోకాళ్ళ నొప్పితో మెల్లగా నడిచి, తన వాక్యాన్ని తన చేత్తో తుడిచినాడు. గోదాము దద్దరిల్లింది. నా పక్కనున్న వాత్తియారు నా వీపు మీద ఎంత గట్టిగా కొట్టినాడంటే, గెలిచింది నేనేమో అనిపించింది. నేనే గెలిచి ఉంటే అంత సంతోషం ఉండేది కాదు. జ్వరంతో లేచి వచ్చి, మా పక్షం తప్పునూ వాళ్ళ పక్షం తప్పునూ ఒకేచోట సరిదిద్దిన మనిషి నా తోడబుట్టింది.

“ఏం అక్కా, బండి కట్టమందామా?” అని ఎవరో అమ్మను అడిగినారు.

అమ్మ కదలలేదు. “మీ వెలుతురు సంగతి నాకెందుకు?” అనింది.

నాకు కోపం వచ్చింది. మాటిచ్చింది గదా అని లేవబోయినాను. చెల్లెలు నన్ను చేత్తో ఆపింది. “ఆగన్నా. అమ్మ మాటను మనమింకా తిరిగి చెప్పలేదు. కట్టుబాటు అందరికీ ఒకటే గదా.”

సభ వైపు తిరిగింది. “మా అమ్మకు చుక్కలంటే భయం లేదు. మా అన్న చంకబిడ్డగా ఉన్నప్పుడు మా అమ్మ తమ్ముడు కలరాతో పోయినాడు. మా అన్నది రోహిణి కాదు. అయినా చావింట్లో ఆడవాళ్ళు బిడ్డ వైపు చూసి ‘మామను మింగినాడు’ అనినారు. ఆ మాట మా అన్న చెవిన పడకుండా అమ్మ ఇన్నేళ్ళు కాపాడింది. రేపు మా అన్నకు చిన్న జ్వరం వచ్చినా నా కొడుకును అట్లే అంటారు. అన్న కోసం కాదు, నా బిడ్డ కోసమే అమ్మ వాణ్ణి దూరం పెట్టింది. ఏమమ్మా, నేను చెప్పింది సరేనా?”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆమా. ఇదే” అనింది.

ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. ఎన్ని నక్షత్రాల బరువు తూచినా, చావింట్లో ఒక ఆడమనిషి నోటినుంచి వచ్చిన మాటను తూచే త్రాసు నా దగ్గర లేకపోయింది.

“దీనికి నా దగ్గర జవాబు లేదు జోసియరయ్యా. మీ దగ్గరే ఉంది” అనింది చెల్లెలు.

ముసలాయనకు అర్థమైంది. బల్ల దగ్గరే నిలబడి, చేతికి సుద్ద అట్లే ఉండగా, అందరికీ వినబడేట్టు చెప్పినాడు. “వినండి. ఈ ఊళ్ళో సగం జాతకాలు నా చేతివే. ఈ బిడ్డను ఆ మాట అనిన ఇంటికి నేను జాతకం రాయను, పెళ్ళికి ముహూర్తం పెట్టను. ఈ తంబికి జ్వరం వచ్చినా, పడిసెం పట్టినా, ముసలివాడై పోయినా సరే. మీ ఇళ్ళలో ఆడవాళ్ళకూ చెప్పండి.”

“అట్లైతే మీ బతుకు ఎట్లా జోసియరే?” అన్నాడు గుమాస్తా.

“ఇక్కడికొచ్చి ఓడుతా. కాఫీ అయినా పోస్తారు గదా.”

ఆయన జాతకాలను నేను ఆనాడూ నమ్మలేదు, ఈనాడూ నమ్మను. అయినా నా జీవితంలో ఎదిరించిన వాళ్ళందరిలో ఆయన పేరు చెప్పుకోవడం నాకు గర్వం. తన మాటకు ఊళ్ళో ఉన్న బరువునంతా ఒక పసిబిడ్డ పక్షాన పెట్టినాడు. అట్లాంటి ప్రత్యర్థి ఉన్న ఊరు మాది.

అమ్మ బండి దగ్గరికి పోయింది. తెర తీసి బావ ఒడిలోనుంచి బిడ్డను తీసుకొని, నేరుగా నా దగ్గరికి వచ్చి నా చేతుల్లో పెట్టింది. నూనె లేదు, గిన్నె లేదు. ఎర్రటి ముఖం, ముడుచుకున్న పిడికిళ్ళు, ఒంటినిండా పాలవాసన. వాడు కళ్ళు తెరిచి నన్ను ఒక్కసారి చూసి, గోదాము అదిరేట్టు ఏడుపు అందుకున్నాడు.

“తల కింద చెయ్యి పెట్టరా! ఇంత పొడుగు పెరిగినావు, బిడ్డను ఎత్తుకోవడం తెలియదు” అని అమ్మ కసిరింది. ఆ తర్వాత కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, “ఒళ్ళు కాలుతోంది” అనింది.

చెల్లెల్ని బండిలోకి ఎక్కించినాము. బిడ్డతో నేనూ ఎక్కినాను. అమ్మ మా కోసం ఆగలేదు. నీళ్ళు కాగబెట్టాలని, అంత ఎండలో, మాకంటే ముందే నడిచి ఇంటికి పోయింది.